సైన్స్ పీరియడ్‌లో ఊరి సమస్య మాట్లాడొచ్చా, పాఠం వరకే ఆగాలా?

బడిగంట:
సైన్స్ టీచర్ పని సిలబస్ పూర్తి చేయడంతో అయిపోతుందా? పిల్లలు నేర్చుకున్నది తమ చుట్టూ ఉన్న బతుకు మీదికి మళ్లితే ఆపాలా, సాగనివ్వాలా? సాగనివ్వాలనే నేను అంటాను.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మాది నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే ప్రాంతం. సూచికల పాఠంలో లిట్మస్, ఫినాఫ్తలీన్‌తో ఆగకుండా జిర్కోనియం అలిజరిన్ ద్రావణం కూడా చూపించాను. అది ఎర్రగా ఉంటుంది. నీళ్లలో ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఎరుపు తగ్గి పసుపు వైపు తిరుగుతుంది. తాగునీటిలో మించకూడని గీత లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. సరిగ్గా అంత ఫ్లోరైడ్ కలిపిన నీళ్లను పక్కన పెట్టుకుని, పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చిన సీసాలను ఒక్కొక్కటే పోల్చి చూశాం. చాలావాటి రంగు ఆ గీత దగ్గరే ఆగింది. సగం ఊరు తాగే బోరు నీళ్లు మాత్రం పూర్తిగా పసుపైపోయాయి.

ఒకబ్బాయి "మేం కాచి తాగుతాం సార్, మాకేం కాదు" అన్నాడు. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. పైగా నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో అది ఇంకా చిక్కబడుతుంది. ఈ ముక్క ఏ పరీక్షలోనూ అడగరు. ఆ ఇంటికి పనికొచ్చేది మాత్రం ఇదే.

తర్వాత పిల్లలు పంచాయతీకి అర్జీ రాస్తామన్నారు, రాశారు. ఆ వెంటనే పైనుంచి ఫోన్: "మీ పని పాఠం చెప్పడం, పిల్లల చేత అర్జీలు పెట్టించడం కాదు." అందుకే ఇక్కడ అడుగుతున్నాను. మీరేమంటారు?

నీలిసిరా:
బడిగంట గారూ, మీ ఉద్దేశం మీద నాకు అనుమానం లేదు. అయినా నాకు అభ్యంతరాలున్నాయి. మొదటిది, ఇంటర్నల్ మార్కులు మీ చేతిలో ఉన్నాయి. అర్జీ మీద సంతకం పెట్టనని పదమూడేళ్ల పిల్ల మీ మొహం మీద చెప్పగలదా? ఇష్టపడి చేసినట్టే కనిపిస్తుంది, టీచర్ మెప్పు కోసం చేసింది ఎంతో ఎవరికీ తెలియదు.

రెండోది, రంగు చూసి చెప్పే పరీక్ష ఉజ్జాయింపు మాత్రమే. దాని మీద ఆధారపడి ఊరంతా భయపెట్టడం సైన్స్ అవుతుందా?

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. మీరు మంచి టీచరు కాబట్టి నీళ్లు పరీక్షించారు. టీకాలంటే పడని టీచరుకూ ఇదే తలుపు తెరిస్తే? తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి పేపర్‌ను లాన్సెట్ వైద్య పత్రిక వెనక్కి తీసుకునేసరికి 2010 వచ్చింది. ఈలోగా దాన్ని నమ్మి పిల్లలకు టీకాలు మానేసినవాళ్లూ "మేం ప్రశ్నిస్తున్నాం" అనే అన్నారు. క్లాసును ఉద్యమానికి ఇచ్చాక, ఏ ఉద్యమానికి ఇవ్వాలో ఎవరు తేలుస్తారు?

చుక్కాని:
నెల్లూరు సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత కార్యక్రమం జరిగింది. పగలంతా కూలికి వెళ్లి వచ్చిన ఆడవాళ్లు రాత్రి బడిలో వాచకం పట్టారు. అందులో ఊరి సారా అంగడిని మూయించిన ఆడవాళ్ల కథ ఒక పాఠం. ఆ జిల్లాలోని దూబగుంట ఊళ్లో ఆడవాళ్లు నిజంగానే సారా ఆపించారు. ఆ తర్వాత వాళ్ల కథే ఇంకో వాచకంలో పాఠమై ఊరూరా తిరిగింది. సారా వేలంపాటలను అడ్డుకునేదాకా వెళ్లింది వ్యవహారం. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు.

చదువు నుంచి ఉద్యమం పుట్టదని ఎవరైనా అంటే ఇంతకంటే ఏం చూపించాలి?

నీలిసిరా:
చుక్కాని గారూ, అది పెద్దవాళ్ల చదువు. మార్కుల్లేవు, మొగుడు తాగొస్తే ఏమవుతుందో వాళ్లకు ఏ వాచకమూ చెప్పక్కర్లేదు. కడుపులో మంట ముందే ఉంది, పాఠం తర్వాత వచ్చింది. ఉద్యమాన్ని చదువు పుట్టించిందనడం ఆ ఆడవాళ్ల ఘనతను వాచకానికి కట్టబెట్టడమే. పైగా 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు. దాన్ని మార్పు అందామా?

చుక్కాని:
మంట ముందే ఉందన్నది నిజమే, ఒప్పుకుంటాను. అయితే అన్నేళ్లుగా ఉన్న మంట అప్పుడే ఎందుకు రాజుకుంది? అంతకుముందు ఎవరింట్లో వాళ్లు ఏడ్చేవాళ్లు. రాత్రి బడి వాళ్లకు రోజూ కలిసి కూర్చునే చోటు ఇచ్చింది. నా ఇంట్లో గొడవ అనుకున్నది పక్కింట్లోనూ ఉందని, దానికి కారణం ఒకటేనని అక్కడే తేలింది. నేను చదువు అంటున్నది దీన్నే.

పాత లాంతరు:
పిల్లల చదువు గురించే మాట్లాడదామంటే హోషంగాబాద్ ఉంది. మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో, ప్రయోగాలు చేస్తూ సైన్స్ నేర్చుకునే పద్ధతి మొదలైంది. టీచరు జవాబు చెప్పరు. పిల్లలు గుంపులుగా కూర్చుని చేసి చూస్తారు, రాసుకుంటారు, వాదించుకుంటారు. పరీక్షలో పుస్తకం తెరిచి చూడొచ్చు, ప్రాక్టికల్ కూడా ఉంటుంది. సవాలీరామ్ అనే కల్పిత వ్యక్తి ఉండేవాడు. పిల్లలు ఏ సందేహమొచ్చినా ఆయనకు ఉత్తరం రాసేవాళ్లు, జవాబు వచ్చేది. ఈ సవాలీరామ్ ఆలోచన నాకు ఇప్పటికీ అద్భుతంగా తోస్తుంది. తన ప్రశ్నకు ఎవరో కూర్చుని జవాబు రాశారంటే ఆ పిల్లకు తన మీద తనకు ఎంత గురి కుదురుతుంది!

1982లో ఏకలవ్య సంస్థ ఏర్పడి ఈ పనిని అందుకుంది. పద్ధతి వేయి బడుల దాకా పాకింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది.

గమనించండి, అక్కడ ఎవరూ పిల్లలతో నినాదాలు ఇప్పించలేదు. అర్జీలు పెట్టించడం కార్యక్రమంలో భాగమే కాదు. అయినా ముప్పై ఏళ్లు నడిచిన పనిని ఒక్క నిర్ణయంతో తీసేయగలిగారు. సిలబస్ వరకే ఆగితే సురక్షితం అనుకునేవాళ్లు ఇది ఆలోచించాలి. నీలిసిరా గారికి నా జవాబు కూడా ఇందులోనే ఉంది. టీకాల మీద పుకారు నమ్మిన టీచరు పిల్లలకు తన తీర్పు వినిపిస్తాడు. ఈ పద్ధతిలో తీర్పు వినిపించే వీలే లేదు. ఏం చేశావు, ఎలా కొలిచావు, మళ్లీ చేస్తే అదే వచ్చిందా అని పక్క గుంపు అడుగుతుంది. ఆ 1998 పేపర్‌ను తేల్చిందీ అలాంటి ప్రశ్నలే.

బడిగంట:
లాంతరు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. చెప్పకుండా వదిలేయడం కూడా ఒక నిర్ణయమే. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో 'అనువంశికత, పరిణామం' అనే పాఠం 'అనువంశికత'గా మిగిలింది. 2023లో 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు దీనికి అభ్యంతరం చెబుతూ బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. పదో తరగతి తర్వాత బయాలజీ తీసుకోని పిల్లలు డార్విన్ ఏం చెప్పాడో క్లాసులో వినకుండానే బడి దాటిపోతారు. ఆ లేఖ రాసినవాళ్లను ఉద్యమకారులు అందామా, తమ పని తాము చేశారందామా?

కొలవడం నేర్పితే ఏమవుతుందో ఫ్లింట్‌లో చూశాం. అమెరికాలోని ఆ నగరం 2014 ఏప్రిల్‌లో తాగునీటిని డెట్రాయిట్ సరఫరా నుంచి ఫ్లింట్ నదికి మార్చింది. నీళ్ల రంగు మారిందని, దద్దుర్లు వస్తున్నాయని జనం మొత్తుకుంటే అధికారులు ఏం ఫరవాలేదన్నారు. 2015లో వర్జీనియా టెక్ యూనివర్సిటీ బృందం ఇళ్లకు కిట్లు పంపి నమూనా ఎలా పట్టాలో నేర్పింది. జనం తమ కొళాయి నీళ్లు తామే పట్టి పంపారు. పాత పైపుల నుంచి సీసం (లెడ్) కరిగి వస్తోందని తేలింది. అదే ఏడాది అక్టోబర్‌లో నగరం మళ్లీ డెట్రాయిట్ నీళ్లకు మారింది.

చిట్టితల్లి అమ్మ:
అందరూ గొప్ప సంగతులు చెబుతున్నారు, నాది చిన్న భయం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. అర్జీ మీద దాని పేరుంటే, రేపు ఆ బోరు వేయించిన పెద్దమనిషి మా ఇంటికొస్తే ఎవరు అడ్డు నిలబడతారు? టీచర్‌కు ట్రాన్స్‌ఫర్ అవుతుంది, వెళ్లిపోతారు. ఊళ్లో ఉండేది మేం. నీళ్లు పరీక్షించడం నాకు ఇష్టమే, దాచకుండా చెప్పాలి కూడా. పిల్లలను ముందు నిలబెట్టొద్దు.

బడిగంట:
అమ్మా, ఈ చర్చలో నాకు అన్నిటికన్నా బరువైన మాట మీదే. ఈసారి నుంచి ఇలా చేద్దామనుకుంటున్నాను. సీసాల మీద పేర్లు ఉండవు, నంబర్లే. రీడింగులన్నీ ఒక పట్టికగా రాసి తల్లిదండ్రుల మీటింగులో పెడతాం. అనుమానం ఉన్న నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌కు పంపుతాం. అర్జీ పెట్టాలా, ఎవరి పేరు మీద పెట్టాలా అన్నది పెద్దవాళ్లు తేల్చుకుంటారు. పిల్లల పని కొలవడం, కొలిచింది నిజాయితీగా రాయడం, అడిగితే వివరించడం.

నీలిసిరా:
ఇలాగైతే నాకు సగం సమ్మతమే. మార్కుల సంగతి మాత్రం వదలను. రంగు పోల్చడంలో కంటికి తేడా రావచ్చు, ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఎవరికీ ఏమీ చెప్పొద్దని వాదించే పిల్లాడికి కూడా నిండుగా మార్కులు పడాలి. అలా పడతాయని పిల్లలకు ముందే తెలిసి ఉండాలి.

చుక్కాని:
మార్కులు వేయండి, తప్పకుండా. ఆ పిల్లాడు చెప్పినట్టు మాత్రం చేయకండి. ఉజ్జాయింపు పరీక్ష అయితే నోరు మూసుకోవాలనడం నాకు నచ్చలేదు. బంగ్లాదేశ్‌లో బావి నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం బయటపడ్డాక దాదాపు 50 లక్షల గొట్టపు బావులను పరీక్షించారు. వాడింది అక్కడికక్కడే రంగు చూసి చెప్పే కిట్లనే. లీటరుకు 50 మైక్రోగ్రాములు దాటితే పంపుకు ఎర్ర రంగు, లేకుంటే ఆకుపచ్చ రంగు వేశారు. కొన్ని తప్పులు దొర్లాయి. అయినా ఎర్ర పంపు చూసి పక్క బావికి మారిన కుటుంబాలు ఎన్నో.

కాబట్టి రెండూ వేరు చేయండి. ప్రభుత్వాన్ని నిలదీసే కాగితం ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగొచ్చు. ఆ బోరు నీళ్లు తాగే ఇళ్లకు మాత్రం పరీక్ష చేసిన సాయంత్రమే కబురు వెళ్లాలి, ఇది ఉజ్జాయింపు పరీక్షేనన్న మాటతో సహా.