పుణెలోని ఆగాఖాన్ ప్యాలెస్‌లో పిల్లలకు చూపించదగినవి ఏమున్నాయి?

ప్రశ్న:
వచ్చే నెలలో మా అమ్మగారిని, పదో తరగతి చదువుతున్న మా అబ్బాయిని తీసుకుని హైదరాబాదు నుంచి పుణె వెళ్తున్నాము. గాంధీగారిని నిర్బంధించిన ఆగాఖాన్ ప్యాలెస్ చూడాలన్నది అమ్మ కోరిక. చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం చూసిన పిల్లవాడికి అక్కడ ఆసక్తి కలిగించేవి ఏముంటాయో, ముందుగా ఏమి తెలుసుకుని వెళ్లాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు 1:
నవాబుల వైభవం వంటిది ఆశిస్తే మీ అబ్బాయికి నిరాశ తప్పదండి. కరవుతో పనులు కోల్పోయిన చుట్టుపక్కల జనానికి కూలి దొరకాలని ఇస్మాయిలీ ముస్లింల మతగురువు మూడవ ఆగాఖాన్ 1892లో కట్టించిన భవనమిది. పొడవైన వరండాలు, ఇటాలియన్ తరహా కమానులు, పెద్ద తోట బాగుంటాయి గాని, లోపల ఉన్నవి ఎక్కువగా ఫొటోలు, చిత్రాలు, కొద్దిపాటి వస్తువులే. 1969లో, అంటే గాంధీ శతజయంతి ఏడాదిలో, నాల్గవ ఆగాఖాన్ దీనిని దేశానికి అప్పగించారు.

1942 ఆగస్టు 9న అరెస్టయిన గాంధీజీని ఇక్కడికి తెచ్చి, 1944 మే 6 వరకు ఉంచారు. ఆయనతోపాటు వచ్చిన కార్యదర్శి మహాదేవ్ దేశాయ్ వారం తిరగకుండానే ఆగస్టు 15న గుండె ఆగి మరణించారు. సరిగ్గా అయిదేళ్లకు అదే తేదీన స్వాతంత్ర్యం వచ్చిందని పిల్లవాడికి చెప్పండి, ఇక మరిచిపోడు. 1944 ఫిబ్రవరి 22న, శివరాత్రి నాడు, కస్తూర్బా కన్నుమూశారు. ఇద్దరి సమాధులూ ఆవరణలోనే ఉన్నాయి. ముందు అక్కడికి వెళ్లి, తరువాత గదులు చూడమని నా సలహా.

జవాబు 2:
చివరి మాటతో ఏకీభవించలేను. కథ తెలియకుండా సమాధుల ముందు నిలబెడితే పిల్లలకు ఏమీ అర్థం కాదు. గదులే ముందు చూపించండి. కస్తూర్బాకు జబ్బు ముదిరినప్పుడు కుమారుడు దేవదాస్ పెన్సిలిన్ తెప్పించగా, ఆ దశలో సూదులు పొడిచి ఆమెను బాధపెట్టవద్దని గాంధీజీ వారించారు. అది సబబేనా అన్న వాదన నేటికీ ఉన్నది. మీ అబ్బాయిని కూడా అడిగి చూడండి. బాపు స్వయంగా వడికిన నూలుతో నేసిన చీరతోనే ఆమెను దహనం చేశారు. ఇక మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు కూడా ఇక్కడి బందీలలో ఒకరు. నాంపల్లిలోని గోల్డెన్ త్రెషోల్డ్ అనే ఇల్లు ఆమె పుట్టింటివారిదే కనుక, ప్రయాణానికి ముందు దానిని ఒకసారి చూపిస్తే ఆమె కొత్త మనిషిగా తోచరు.

జవాబు 3:
యెరవాడ జైలునూ ఈ ప్యాలెస్‌నూ చాలామంది ఒకటే అనుకుంటారు. అంబేడ్కర్‌తో పూనా ఒప్పందానికి దారితీసిన 1932 నాటి నిరశన జరిగినది జైలులో. 1943 ఫిబ్రవరి 10న మొదలై 21 రోజులు సాగిన నిరాహార దీక్ష జరిగినది ఈ భవనంలో. రెండూ దగ్గర దగ్గరగానే ఉన్నందువలన, ఆటో ఎక్కేటప్పుడు యెరవాడ అని ఊరుకోకుండా, నగర్ రోడ్డులోని ఆగాఖాన్ ప్యాలెస్ అని స్పష్టంగా చెప్పండి. అమ్మగారికి నడక ఇబ్బంది కాకుండా ఎండ ముదరక ముందే, ఉదయంపూట వెళ్లడం మేలు.