పాత కంప్రెసరు ట్యాంకుకు చిల్లు పడింది: అతుకు వేయించాలా, ట్యాంకే మార్చాలా?

ప్రశ్న

కాకినాడలో మాకు ద్విచక్ర వాహనాల మరమ్మతు దుకాణం ఉంది. నాన్నగారి కాలం నుంచి వాడుతున్న 2 హెచ్.పి. బెల్టు కంప్రెసరుకు, 160 లీటర్ల ట్యాంకు అడుగున, లోపలి నీరు వదిలే డ్రెయిన్ కాక్‌కు జానెడు దూరంలో సూదిమొనంత చిల్లు పడి గాలి పోతోంది. పంపు, మోటారు ఇప్పటికీ చక్కగా పనిచేస్తున్నాయి. చిన్న పలక అతికితే సరిపోతుందని వెల్డింగ్ చేసేవారు అంటున్నారు. పాత ఇనుము కొట్టులో అదే కొలత ట్యాంకు ఒకటి దొరుకుతోంది. కొత్తది కొనాలంటే ఖర్చు ఎక్కువ. వీటిలో ఏది సరైనదో, ట్యాంకు మార్చవలసి వస్తే పాత పంపును దానికి ఎలా అమర్చాలో తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మొదటి జవాబు

అయ్యా, ముందుగా ఆ ట్యాంకులో గాలి నింపడం ఈ రోజే ఆపించండి. తుప్పు లోపలి నుంచి తింటుంది కాబట్టి, చిల్లు ఒక్కటే కనబడుతున్నా దాని చుట్టూ రేకు ఎంత పలచబడిందో బయటి నుంచి చూసి చెప్పలేము. 30 డిగ్రీల వేడిమిలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు; ఆ గాలిని పదో వంతు పరిమాణానికి కుదించి చల్లార్చినప్పుడు ఆ ఆవిరిలో ఎక్కువ భాగం నీరై ట్యాంకు అడుగుకు చేరుతుంది. సముద్రపు గాలి వీచే మీ ఊళ్లో ఇది మరీ ఎక్కువ. నీరు నిలిచిన మేరంతా ఇనుము అరుగుతూ వచ్చింది, అందులో మొదట తెగిన చోటే మీకు చిల్లుగా కనబడింది. అలాంటి రేకు మీద వెల్డింగ్ చేస్తే అతుకు నిలవవచ్చు గాని, దాని అంచున వేడి తగిలిన పలచని ఇనుము నిలుస్తుందన్న నమ్మకం లేదు.

ఒక లెక్క చూడండి. ట్యాంకు వ్యాసం 40 సెంటీమీటర్లు అనుకుంటే దాని పక్క మూత వైశాల్యం సుమారు 1256 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 10 కిలోల ఒత్తిడి ఉన్నప్పుడు ఆ మూత ఒక్కదాని మీదే 12 టన్నులకు పైగా బలం పడుతుంది. దుకాణంలో పనిచేసే కుర్రవాళ్లు ఆ ట్యాంకు పక్కనే కూర్చుంటారు కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ప్రశ్నించినవారు

వెంటనే ఆపించానండి. కొట్టులో ఉన్న పాత ట్యాంకు బయటికి శుభ్రంగా, రంగు వేసి ఉంది. దానిని పరీక్షించి తీసుకోవచ్చునా?

రెండవ జవాబు

పరీక్షించవచ్చు, అయితే గాలితో ఎంతమాత్రం కాదు, నీటితోనే. నీటి ఒత్తిడి కింద ట్యాంకు చీలితే నీరు కారి ఒత్తిడి వెంటనే పడిపోతుంది. గాలి మాత్రం ఒక్కసారిగా వ్యాకోచించి ఇనుప ముక్కలను విసిరివేస్తుంది. లోపల గాలి మిగలకుండా ట్యాంకును నిండా నీటితో నింపి, చేతి పంపుతో పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు, అంటే చదరపు సెంటీమీటరుకు 10 కిలోల పని ఒత్తిడి గల ట్యాంకుకు 15 కిలోలు, ఎక్కించి అరగంట నిలపాలి. గేజి ముల్లు దిగినా, అతుకుల వద్ద చెమ్మ కనబడినా దానిని వదిలివేయాలి. ఈ పరీక్ష కూడా నేటి బలాన్ని చెబుతుందే గాని ఎంత మందం మిగిలిందో చెప్పదు. అందుకు అల్ట్రాసోనిక్ గేజితో అడుగు పొడవునా కొలిపించాలి. పని ఒత్తిడి చెక్కి ఉండే బిళ్ల ఊడిపోయి ఉంటే అసలు బేరమే వద్దు. ఇవన్నీ కలుపుకొని చూస్తే, పరీక్షా ధ్రువపత్రంతో వచ్చే కొత్త ట్యాంకే మేలని నా అభిప్రాయం.

మూడవ జవాబు

అమరిక గురించి చెబుతాను. పంపు, మోటారు నిలిపే పీఠం ముందే ఉన్న ట్యాంకును తీసుకోండి. అలాంటిది దొరకకపోతే ట్యాంకు ఒంటికి యాంగిల్ ముక్కలు అతికించవద్దు; పంపును, మోటారును వేరే ఇనుప చట్రంపై బిగించి, అక్కడి నుంచి ట్యాంకుకు ఉక్కు అల్లిక గల, వేడికి తట్టుకొనే గొట్టం వేయండి. పంపు నుంచి వచ్చే గాలి వంద డిగ్రీలు సులభంగా దాటుతుంది కాబట్టి మామూలు రబ్బరు గొట్టం అక్కడ పనికిరాదు. గాలిని ట్యాంకు వైపు మాత్రమే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు కొత్తది వేయండి. అది కారితే ట్యాంకులోని గాలి పంపు మీదికి తిరిగి వచ్చి, మోటారు ప్రతిసారీ భారం మీద మొదలు కావలసి వస్తుంది.

ఒత్తిడి మితిమీరితే గాలిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వు తెరుచుకొనే ఒత్తిడి కొత్త ట్యాంకు బిళ్ల మీది అంకెను మించకూడదు, ఆ వాల్వుకు ట్యాంకుకు మధ్య ఏ కాక్ ఉండకూడదు. ప్రెషర్ స్విచ్‌ను ఒత్తిడి 8 కిలోలకు చేరగానే మోటారు ఆగేటట్లు పెడితే టైర్లకు, ఇంపాక్ట్ గన్‌కు చాలు. పెద్ద ట్యాంకు కొంటే ఎక్కువ గాలి వస్తుందని కొందరు అంటారు గాని, పంపు ఇచ్చే గాలి అదే. నిండడానికి ఎక్కువసేపు పడుతుంది, మోటారు తక్కువసార్లు మొదలవుతుంది, అంతే. కాళ్ల కింద రబ్బరు దిమ్మలు వేసి, డ్రెయిన్ కాక్ వైపు కొద్దిగా వాలు ఉంచి, ప్రతి రాత్రి దుకాణం మూసేముందు నీరు వదలండి.

పాత ట్యాంకును అలాగే ఇనుము కొట్టుకు వేయకండి. గాలి పూర్తిగా వదిలి, రెండుగా కోయించి అమ్మండి. లేకపోతే అది రంగు పూసుకొని మరొకరి దుకాణానికి చేరుతుంది.