అత్త అత్తాంది

మానేరు ఒడ్డు:
మొన్న జమ్మికుంట స్టేషన్ల మా అమ్మ ఫోన్ల చెప్తాంది: "అత్త అత్తాంది, నువ్వు అద్దు." అంటే అత్త వస్తాంది, నువ్వు వద్దు అని. పక్కనే ఉన్న నా బిడ్డ పడీ పడీ నవ్వింది. హైదరాబాద్‌ల పెరిగిన పిల్ల గదా, "ఇద్దరత్తలా నానమ్మా?" అని అడిగింది. నాకు జవాబు దొరకలే. చెవికి ఒక్కతీరే వినపడే ఈ రెండు అత్తలు ఒకటేనా, వేరా? తెలిసినోళ్లు చెప్పున్రి.

సింగరేణి సారు:
వేరే తమ్మీ. మొదటి అత్తను ఎంత విరగ్గొట్టినా అ, త్, త్, అ అని ధ్వనులే మిగుల్తయి. ఒక్కదానికీ సొంత అర్థం లేదు, నాలుగు కలిస్తేనే మేనత్త. రెండోదాన్ని విప్పి చూడు: అత్ + తాన్ + ది. 'అత్' అంటే వచ్చుడు, 'తాన్' అంటే ఆ పని ఇప్పుడు నడుస్తాందని, 'ది' అంటే వచ్చేది మగమనిషి కాదని. 'ది' తీసి 'డు' పెడితే మామ అత్తాండు. ఇట్ల అర్థమున్న చిన్న ముక్కను పదాంశం అంటరు. అంటే రెండోకాడ నీకు వినపడ్డ 'అత్త' అసలు మాటే కాదు. ఒక ముక్క మొత్తం, ఇంకో ముక్క తల.

గోదారోడు:
బావుందండీ. అర్థం లేని ధ్వనులు ఒక అంచె, అర్థమున్న ముక్కలు ఇంకో అంచె. ఏ భాషకైనా ఈ రెండంచెల కట్టడమే ఆధారమని ఫ్రెంచి భాషావేత్త ఆంద్రే మార్టినే చెప్పాడు. తెలుగుకి వర్ణాలు, అంటే ఈ ధ్వనులు, ముప్పై ఆరని బాలవ్యాకరణంలో చిన్నయ సూరి లెక్క. ఆ కొన్నింటితోనే కదండీ ఇన్ని మాటలూ. గద, గద్ద చూడండి, ఒక్క ద్ వత్తితే ఆయుధం కాస్తా పక్షి అయిపోయింది.

ఓరుగల్లు పిల్ల:
సారూ, మరి 'వస్తాంది'ల స్ ఎటువోయింది? ఇంటర్ల మాకు చెప్పిన ఒకాయన "నోరు తిరగని బద్ధకం" అనెటోడు. అప్పటిసంది క్లాసుల నోరు తెరవలే.

సింగరేణి సారు:
బద్ధకమే అయితే అన్ని మాటల్ల కనపడాలె గదమ్మా. "దోస్తు బస్తా మోత్తాండు" అను. మూడుకాడల 'స్త' ఉండాలె. దోస్తు దోత్తు కాలే, బస్తా బత్తా కాలే, మోస్తాండు ఒక్కటే మోత్తాండు అయింది. ఎందుకంటే అక్కడ స్ ఒక ముక్కది, త ఇంకో ముక్కది. అతుకు పడ్డకాడనే మారుతాంది. చేత్త, కోత్త, ఇత్త, అన్నీ గంతే. చదువురానోళ్లు సుత ఈ అతుకు తప్పరు.

గోదారోడు:
దోస్తు, బస్తా ఉర్దూ నుంచి వచ్చినవి కదండీ, అందుకేనేమో?

సింగరేణి సారు:
మంచి ప్రశ్న. మరి పస్తు? మా ఇంట్ల ఎవరూ పత్తులుండలే, పస్తులే ఉన్నరు.

ఓరుగల్లు పిల్ల:
😂 మరి వ? వచ్చింది అచ్చింది అయింది, వద్దు అద్దు అయింది. వరంగల్‌ను మాత్రం అరంగల్ అనంగ ఎన్నడు వినలే.

సింగరేణి సారు:
అది పేరు బిడ్డా, దానికి బోర్డు కాపలా ఉంటది. అయినా వ రాల్చుడు మన కరీంనగరోళ్లతోని మొదలు కాలే. తమిళంల వా, వరు. కన్నడంల బా, బరు. మన 'రా' సుత ఒకప్పుడు 'వర' లెక్కనే ఉండె. ర్ ముందుకు దుంకి 'వ్రా' అయింది, దీన్ని వర్ణవ్యత్యయం అంటరు. ఆ తర్వాత మొదటి వ్ రాలిపోయింది. అంటే 'రా' అనే ప్రతి తెలుగోడూ ఒక వ్ మింగినోడే. అచ్చిండు, అత్తడు, రాడు: ఒక్క ధాతువుకు మూడు ముఖాలు. చిన్నపిల్లలు ఎవరూ నేర్పకుండనే ఏ ముఖం ఎక్కడ పెట్టాలెనో పెడ్తరు. 'అత్తలేడు' అంటరు గని 'రాలేడు' అంటే వేరే అర్థమని సుత వాళ్లకు ఎరుకే.

మానేరు ఒడ్డు:
ఇదంత అమ్మకు చదివి వినిపించిన సారూ. సగంల లేచింది. "అత్త అచ్చింది, చాయ్ పెట్టు" అన్నది.