మందుల కంపెనీలో తెలుగు కరపత్రం రాసినవాళ్లున్నారా? సలహా కావాలి

నమస్కారమండీ. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో చేస్తున్నాను. చుట్టుపక్కల ఊళ్లకి నెలకో తెలుగు కరపత్రం రాసే పని నాకప్పగించారు. షుగరు మీద రెండు పేజీలు రాసిస్తే మెడికల్, రెగ్యులేటరీ, లీగల్ వాళ్ల చేతులు మారి 40 రోజులకి తిరిగొచ్చింది. ‘కాళ్ల తిమ్మిర్లు’ అన్న మాట కింద ఎర్ర గీత! షుగరు నయం చేస్తామని ప్రకటించకూడదని 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం చెబుతోంది, న్యాయమే. లక్షణాలు చెప్పడం కూడా ప్రకటనేనా?

మొన్న రణస్థలం నుంచి ఒక పెద్దాయన, మాత్ర వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయని ఉత్తరం రాశారు. వెంటనే మందుల దుష్ప్రభావాల ఫిర్యాదులు చూసే మా ఫార్మకోవిజిలెన్స్ వాళ్లకి అందించాను. డాక్టరుని కలవమని, దుష్ప్రభావాలు తెలపడానికున్న ప్రభుత్వ ఉచిత నంబరు 1800-180-3024కి కూడా ఫోన్ చేయొచ్చని ఆయనకి చెప్పాను. అంతకుమించి రాయొద్దని మా కంపెనీవాళ్లు అన్నారు. ఆయన మళ్లీ రాశారు. ముందే ఆమోదం పొందిన జవాబులు మీరెలా తయారుచేసుకున్నారో కాస్త చెప్పరూ?