రిటైరయ్యాక ఏటా 72 వేలు ఆరోగ్య బీమా పాలసీకి కట్టాలా, ఆ డబ్బు బ్యాంకులోనే ఉంచుకోవాలా?

కేపీహెచ్‌బీ వాసి:
వచ్చే నెలాఖరుకు రిటైరవుతున్నాను. ప్రైవేటు కంపెనీ కాబట్టి కేంద్ర ఉద్యోగులకుండే సీజీహెచ్‌ఎస్ వైద్య పథకం లాంటివేమీ లేవు. ఇన్నాళ్లూ కంపెనీ గ్రూప్ పాలసీతో నడిచిపోయింది. నాకు 60, మా ఆవిడకు 57. నాకు షుగర్, ఆవిడకు బీపీ. ఇద్దరికీ కలిపి వాడుకునే 10 లక్షల ఫ్లోటర్ పాలసీకి ఏజెంటు 72 వేలు చెప్తున్నాడు, పైగా 20 శాతం కో-పే, అంటే ప్రతి క్లెయిమ్‌లో అంత వాటా మేమే కట్టుకోవాలి. మా బావగారేమో గ్రాట్యుటీలోంచి 10 లక్షలు ఎఫ్‌డీ వేసి ఊరుకో, పాలసీ దండగ అంటున్నారు. మా అబ్బాయి ఒప్పుకోవడం లేదు. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. మీరేమంటారు?

వనస్థలిపురం పెద్దాయన:
మీ బావగారి మాటే నా మాట. 72 వేలనేది ఈ ఏటి లెక్క. 60 దాటినవాళ్లకు ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే ముందు తమను సంప్రదించాలని 2025 జనవరిలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలకు చెప్పింది. సంతోషమే. కానీ ఆ 10 శాతమే ఏటా పెంచుకుంటూ పోయినా ఏడేళ్లకు అది 1,40,000. అప్పటికి మీ ఆదాయం ఎంత పెరుగుతుంది? 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతం ఎత్తేశారు, ఆ మేరకు అసలు ప్రీమియమే పైకి జరుపుతారేమోనని నా అనుమానం. ఇంత కట్టీ చివరికి కౌంటర్ దగ్గర నిలబడాల్సింది మనమే.

మలక్‌పేట్ బిడ్డ:
పెద్దాయనా, గట్ల తేల్చేయకుండ్రి. పోయినేడు మా నాయినకు స్టెంట్ ఏసిన్రు. బిల్లు ముందల పెట్టుకోనే రాస్తున్న. పాలసీ 5 లక్షలు, రూమ్ రెంట్ అండ్ల 1 శాతం, అంటే రోజుకు 5,000. ఆ రేటు రూము ఖాళీ లేదని 8,000 రూము ఇచ్చిన్రు. ఐదు దినాలు ఉన్నం. మొత్తం బిల్లు 4,10,000. అండ్ల రూము 40 వేలు, ఓటీ (ఆపరేషన్ థియేటరు), డాక్టరు, నర్సింగ్ 1,60,000, మందులు, స్టెంట్, టెస్టులు 2,10,000. ఎనిమిది వేల రూముల ఉన్నరు, మీకు ఐదు వేలకే హక్కు ఉన్నది అని రూము మీదనే కాదు, ఓటీ, డాక్టరు ఛార్జీల మీద గూడ అదే లెక్కన కోసిన్రు. మొత్తం కోత 75 వేలు. మిగిలిన 3,35,000 మీద కో-పే ఇంకో 67 వేలు. మా చేతికెళ్లి 1,42,000 పోయింది. అయినా 2,68,000 కంపెనీ కట్టింది కదా! అది గూడ లేకుంటే మా నాయిన ఫిక్స్‌డ్ సగం ఖాళీ.

వనస్థలిపురం పెద్దాయన:
అమ్మా, నాన్నగారు కోలుకున్నారు కదా, అదే పదివేలు. కానీ మీ లెక్క నా పక్షానే సాక్ష్యం చెప్తోంది. పాలసీ ఉండి కూడా లక్షన్నర దాకా పోయిందంటే ఎఫ్‌డీ ఎలాగూ ఉండాల్సిందే. మరి రెండూ ఎందుకు?

రిటైర్డ్ క్లెయిమ్స్:
ఇరవయ్యేళ్లకు పైగా క్లెయిమ్ ఫైళ్లు చూసినవాణ్ని. మలక్‌పేట్ అమ్మాయీ, మీ విషయంలో మందులు, స్టెంట్, టెస్టుల జోలికి పోలేదు కాబట్టి వాళ్లు కోసిన పద్ధతి నిబంధన ప్రకారమే ఉంది. వాటిమీద కూడా కోసుంటే కంపెనీకి ఫిర్యాదు రాసి, 30 రోజుల్లో తేలకపోతే లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు పెట్టుకోవచ్చు, రూపాయి ఫీజు లేదు. తప్పంతా ఆ 1 శాతం క్లాజుది. పెద్దవాళ్లకు పాలసీ చూసేటప్పుడు నేను ప్రీమియం కంటే ముందు ఆ లైనే వెతుకుతాను.

కేపీహెచ్‌బీ వారికి: ఎఫ్‌డీనా, పాలసీనా అని తర్వాత కొట్లాడుకోవచ్చు. ముందు మీ చేతిలో ఉన్నది వచ్చే నెలాఖరు దాకానే. గ్రూప్ కవర్ ముగిసేలోపే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మైగ్రేషన్ (మార్పిడి) అడగండి. గ్రూప్‌లో గడిపిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో జమవుతుంది. కొత్త కంపెనీలో కొత్తగా మొదలుపెడితే షుగర్, బీపీలకు సంబంధించిన జబ్బులకు 36 నెలల దాకా ఆగమనొచ్చు. హెచ్‌ఆర్ వాళ్లు ఇది తమంతట తాము చెప్పరు, మనమే అడగాలి.

ఆ పైన పెద్దాయన ఎఫ్‌డీ మాటకు విలువుంది. 10 లక్షల ప్రీమియం బరువనిపిస్తే బేస్ (అసలు పాలసీ) 5 లక్షలకు తగ్గించి, 5 లక్షల డిడక్టిబుల్‌తో, అంటే బిల్లులు 5 లక్షలు దాటాకే అక్కరకొచ్చే సూపర్ టాప్-అప్ తీసుకోండి. వట్టి టాప్-అప్ వద్దు, అది ఒక్కో బిల్లు విడిగా 5 లక్షలు దాటితేనే ఇస్తుంది. సూపర్‌లో ఏడాది బిల్లులన్నీ కలిపి లెక్క. ఆ ఎఫ్‌డీ కో-పేకు, కోతలకు పనికొస్తుంది.

ఈసీఐఎల్ చౌరస్తా:
70 దాటితే ఆదాయంతో పని లేకుండా 5 లక్షల దాకా ఉచిత వైద్యానికి కేంద్రం ఇచ్చే వయ వందన కార్డు ఉంది కదా, 2024 అక్టోబర్ నుంచి. పదేళ్లు ఓపిక పడితే చాలదా?

రిటైర్డ్ క్లెయిమ్స్:
ఆ 5 లక్షలు మనిషికి కాదండీ, ఇంట్లో 70 దాటినవాళ్లందరికీ కలిపి. మీరు వెళ్లే ఆసుపత్రి ఆ జాబితాలో ఉండాలి కూడా. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లూ తీసుకోవచ్చు, కాబట్టి తీసుకుని బీరువాలో పెట్టుకోండి. 60కి, 70కి మధ్య దానితో ఏం చేస్తారు?

వనస్థలిపురం పెద్దాయన:
బేస్ 5 లక్షలు, పైన సూపర్, పక్కన ఎఫ్‌డీ. మూడు చోట్ల డబ్బు పెట్టేవాడు రిటైరవడం ఎందుకు, ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి! నేను ఆ 72 వేలూ ఏటా వేరే ఖాతాలో వేస్తాను.

మలక్‌పేట్ బిడ్డ:
పెద్దాయనా, వేస్తరు సరే. మనవరాలి ఇంజనీరింగ్ సీటు వచ్చిందని మీ అబ్బాయి అడిగితే ఆ ఖాతా ముట్టుకోకుండ ఉంటరా? మా ఇంట్ల అట్లనే కరిగిపోయింది.

వనస్థలిపురం పెద్దాయన:
ఆ మాటకు నా దగ్గర జవాబు లేదమ్మా. మనవరాలికి ఇంటర్ రెండో ఏడాది.

కేపీహెచ్‌బీ వాసి:
అందరికీ ధన్యవాదాలు. మైగ్రేషన్ గురించి ఈరోజే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టాను. రూమ్ రెంట్ పరిమితి ఎంతని ఏజెంటును అడిగితే "చూసి చెప్తాను సార్" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు: ఫారంలో షుగర్ రాయకండి, ఐదేళ్లు గడిస్తే ఎవరూ అడగరని. నిజమేనా?

రిటైర్డ్ క్లెయిమ్స్:
ఐదేళ్లు దాటాక ఫారంలో రాయలేదని క్లెయిమ్ కొట్టేయకూడదనే ఆ మారటోరియం, మోసం రుజువైతే పని చేయదు. మందుల చీటీల్లో, పాత డిశ్చార్జ్ సమ్మరీల్లో మీ షుగర్ ఏళ్ల తరబడి రాసే ఉంటుంది. ఫారంలో రాయండి. ప్రీమియం పెరిగితే పెరగనివ్వండి, ఏజెంటును మాత్రం మార్చండి.