ఫోర్‌ట్రాన్‌లోంచి సి ‘రాండ్’ పిలిస్తే సీడ్ ఒకటే, అంకెలు వేరు

తోటపల్లి_గట్టు:
నాగావళి పరీవాహకంలో జూన్ నుంచి అక్టోబరు దాకా, 153 రోజుల వానని అనుకరించే ప్రోగ్రాం సి లో ఉంది. రోజుకోసారి 153 వరసల పాత రికార్డులోంచి ఏదో ఒక వరసని తీస్తుంది. దాన్నే ఫోర్‌ట్రాన్‌లో తిరగరాశాం. రెండింటినీ అంకెకి అంకె పోల్చి చూడాలి కాబట్టి ర్యాండమ్ వరస కూడా ఒకటే కావాలి. అందుకే సి లో సీడ్ (ర్యాండమ్ వరస ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సంఖ్య) పెట్టే ఎస్‌రాండ్, అంకె ఇచ్చే రాండ్‌లనే పిలుస్తున్నాను. సి ఫంక్షన్లని ఫోర్‌ట్రాన్‌తో కలిపే ఐఎస్ఓ_సి_బైండింగ్ వాడాను, ఆ ఫంక్షన్లు ఎలా ఉంటాయో ఫోర్‌ట్రాన్‌కి చెప్పే ఇంటర్‌ఫేస్ రాశాను, కంపైల్ అవుతోంది. కానీ సీడ్ 42 ఇచ్చినా నడిపిన ప్రతిసారీ వేరే అంకెలొస్తున్నాయి. ఉబుంటు, కంపైలర్ జీఫోర్‌ట్రాన్ 13. ఎస్‌రాండ్ ఇంటర్‌ఫేస్‌లో సీడ్‌ని ప్రకటించే లైను ఇదీ:
ఇంటిజర్(సి_ఇంట్) :: సీడ్
ఏటండీ తప్పు?

బొబ్బిలి_వీణ:
తప్పు ఆ లైనులోనే ఉంది. ‘వేల్యూ’ లేదు. ఇలా ఉండాలి:
ఇంటిజర్(సి_ఇంట్), వేల్యూ :: సీడ్

వేల్యూ అనకపోతే ఫోర్‌ట్రాన్ 42ని పంపదు, 42 ఉన్న చోటు అడ్రసుని పంపుతుంది. ఎస్‌రాండ్ ఆ అడ్రసులోని కింది 32 బిట్లనే సీడ్ అనుకుంటుంది. లినక్స్ ప్రోగ్రాంని ప్రతిసారీ మెమరీలో వేరే చోట పెడుతుంది గనక మీ సీడ్ కూడా ప్రతిసారీ మారిపోతోంది. రకాలు సరిపోయాయి కాబట్టి కంపైలర్‌కి అభ్యంతరం ఉండదు. సి వైపు అది అన్‌సైన్డ్ (రుణ సంఖ్యలు లేని రకం), ఫోర్‌ట్రాన్‌లో అలాంటి రకం లేదు. మామూలు సీడ్లకి సి_ఇంట్ చాలు.

ఇంకో గొయ్యి ఉంది. జీఫోర్‌ట్రాన్‌కి సొంతంగా ‘రాండ్’ అనే ఫంక్షన్ ఉంది. అది 0కి 1కి మధ్య దశాంశం ఇస్తుంది, సి రాండ్‌తో దానికి సంబంధం లేదు. ఇంటర్‌ఫేస్ కనబడని సబ్‌రొటీన్‌లో రాండ్ అని రాస్తే చడీచప్పుడూ లేకుండా దాన్నే పిలుస్తుంది. ఫోర్‌ట్రాన్ వైపు పేరు సి_రాండ్ అని పెట్టి, బైండ్‌లో నేమ్="రాండ్" ఇవ్వండి. ఇంటర్‌ఫేస్ లోపల ‘ఇంపోర్ట్’ మరవకండి, లేకపోతే సి_ఇంట్ ఎవరో దానికి తెలీదు.

సరిచూసుకోడానికి సీడ్ 1 ఇచ్చి మూడుసార్లు పిలవండి. లినక్స్ సి లైబ్రరీ జీలిబ్‌సి మీద 1804289383, 846930886, 1681692777 రావాలి.

తోటపల్లి_గట్టు:
మూడూ వచ్చాయి, థాంక్సండి. ఇప్పుడు ఇంకో తంటా. పది లక్షల సీజన్లు నడిపితే ఎక్కడో మధ్యలో రికార్డులో లేని 154వ వరస అడుగుతోంది. వరస తీసేది ఇలా (ఆర్ అంటే రాండ్ ఇచ్చిన అంకె): ఎక్స్ = రియల్(ఆర్) / 2147483647.0, తర్వాత 1 + ఇంట్(ఎక్స్ * 153).

పలాస_జీడి:
రియల్ అంటే సింగిల్ ప్రెసిషన్, 24 బిట్లే. 2147483648కి కాస్త కిందున్న సంఖ్యల మధ్య దానికి 128 ఎడం ఉంటుంది. కాబట్టి రాండ్ ఇచ్చే చివరి 64 విలువలూ 2147483648కే గుండ్రమవుతాయి. మీరు భాగించే సంఖ్య కూడా అంతే. ఎక్స్ సరిగ్గా 1.0 అవుతుంది, 154 వస్తుంది. 3.35 కోట్లలో ఒకసారి అన్నమాట. మీరు 15.3 కోట్ల సార్లు తీస్తున్నారు కాబట్టి నాలుగైదు సార్లు తగలాలి. మీకు ఆగింది మొదటిదాని దగ్గరే. అరే హద్దు దాటితే ఆపేసే -ఎఫ్‌చెక్=బౌండ్స్ పెట్టకపోయుంటే పక్క మెమరీలో ఏ చెత్తుంటే దాన్నే వాన అనుకుని ముందుకెళ్ళిపోయేది.

ఇలా రాయండి: రియల్(ఆర్, సి_డబుల్) / 2147483648.0_సి_డబుల్. సి కోడ్‌లో ఏ సంఖ్యతో భాగించారో కూడా చూడండి, అక్కడ 2147483647.0 ఉంటే చివరి అంకెలు కలవవు. రాండ్_మ్యాక్స్ (రాండ్ ఇవ్వగల అతిపెద్ద అంకె) ప్లస్ 1ని పూర్ణాంకాల్లోనే చేయబోతే పొంగిపోతుంది. రాండ్_మ్యాక్స్ మాక్రో (కంపైల్ అయ్యేటప్పుడే అంకెగా మారిపోయే పేరు) కనక బైండ్‌తో దొరకదు, అంకె వేసుకోవాల్సిందే. మైక్రోసాఫ్ట్ సి లో అది 32767, అక్కడ ర్యాండమ్ వరస కూడా వేరే.

బొబ్బిలి_వీణ:
సి కోడ్ మార్చే వీలుంటే రెండు వైపులా డీరాండ్48 అనే ఇంకో సి ర్యాండమ్ ఫంక్షన్‌కి మారిపోండి. భాగహారం గొడవే ఉండదు, తిన్నగా 0 నుంచి 1 లోపు డబుల్ వస్తుంది. రిజల్ట్ సి_డబుల్ అని ప్రకటించాలి. సి_ఇంట్ అంటే వేరే రిజిస్టర్ చదివి చెత్త ఇస్తుంది. దానికి సీడ్ పెట్టే ఎస్‌రాండ్48కి సి_లాంగ్, వేల్యూ. సీడ్ 0కి మొదటి అంకె 0.170828.

ఓపెన్ఎంపీ (పనిని థ్రెడ్లకి పంచి ఒకేసారి నడిపేది) పెట్టే ఆలోచన ఉంటే రాండ్, డీరాండ్48 రెండూ పనికిరావు, స్థితి అన్ని థ్రెడ్లకీ ఒకటే కాబట్టి ఎవరికి ఏ అంకె పోతుందో చెప్పలేం. స్థితిని మనమిచ్చే అరేలోనే ఉంచుకునే ఈరాండ్48 వాడి, థ్రెడ్‌కో మూడు సి_షార్ట్‌ల అరే ఇవ్వండి. ఇక్కడ మాత్రం వేల్యూ పెట్టకూడదు, అది అరేని మార్చి తిరిగివ్వాలి. అరేలో 13070, 42, 0 పెడితే ఎస్‌రాండ్48కి 42 ఇచ్చినప్పటి వరసే వస్తుంది.

పలాస_జీడి:
పక్కపక్క సీడ్లు ఇస్తే ఆ వరసల మధ్య పోలిక ఉండిపోతుంది, 48 బిట్ల లీనియర్ కాంగ్రుయెన్షియల్ (ముందరి అంకెని గుణించి, కూడి తర్వాతది తీసే పద్ధతి) కదా. నన్నడిగితే సి తో పోల్చడం అయ్యేవరకే ఇదంతా. ఆ తర్వాత ఫోర్‌ట్రాన్ సొంత రాండమ్_నంబర్‌కి వెళ్ళిపోవడమే నయం. జీఫోర్‌ట్రాన్ 10 నుంచి అందులో ఉన్నది గ్జోషిరో256 అనే జనరేటర్, థ్రెడ్‌కో వేరే వరస తనంతట తనే ఇస్తుంది.