గుంటూరు వ్యాపారానికి తెలంగాణలో కూడా జీఎస్టీ నంబరు కావాలా?

ప్రశ్న:
నమస్తే. గుంటూరులో మా అమ్మ చేసే పచ్చళ్ళు, పొడులు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. పోయిన ఏడాది 32 లక్షలు అయింది, ఆంధ్ర నంబరు ఉంది. హైదరాబాద్, బెంగళూరు ఆర్డర్లు ఇక్కడి నుంచే కొరియర్ చేస్తాం. ఏ రాష్ట్రానికి అమ్మితే ఆ రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఉండాల్సిందేనని తెలిసినాయన అన్నప్పట్నుంచి ఒకటే టెన్షన్. పైగా ఉప్పల్‌లో చిన్న గది అద్దెకు తీసుకుని స్టాకు పెడదామనుకుంటున్నాం, అక్కడ అమ్మకం నెలకు లక్ష కూడా దాటదు. నంబరు తీసుకోవాలా?

జవాబు 1:
కొనేవాళ్ళు ఎక్కడున్నారన్నది కాదండీ, సరుకు ఎక్కడి నుంచి బయల్దేరుతుందో అది చూడాలి. గుంటూరు నుంచి బెంగళూరు పంపితే 37తో మొదలయ్యే మీ నంబరు మీదే ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే సరుకు మీద వేసే జీఎస్టీ) వేసి బిల్లు ఇవ్వండి, కర్ణాటకలో ఏమీ అక్కర్లేదు. ఉప్పల్ గదిలో స్టాకు పెట్టి అక్కడి నుంచి అమ్మితే మాత్రం తెలంగాణ నంబరు తీసుకోవాల్సిందే, అది 36తో వస్తుంది. నెలకు లక్షే కదా అనుకోకండి, టర్నోవర్ ఒక పాన్ మీద దేశం మొత్తానికీ కలిపి లెక్కేస్తారు, తెలంగాణలో సరుకులకు నంబరు అక్కర్లేని పరిమితి 20 లక్షలే, మీది 32 కదా.

జవాబు 2:
ఇంకో సంగతి. మీ గుంటూరు నుంచి మీ ఉప్పల్‌కే పంపినా చట్టం దృష్టిలో అవి రెండు వేరే వ్యాపారాలు, బిల్లు రాసి ఐజీఎస్టీ కట్టాలి, 50 వేలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కూడా. మాది స్టీలు సామాన్ల వ్యాపారం, మొదట్లో ఆరు నెలల స్టాకు ఒకేసారి హైదరాబాద్ పంపేశాం. పన్ను విజయవాడలో కట్టాం, క్రెడిట్ (కట్టిన పన్నును తర్వాత కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే మొత్తం) అంతా హైదరాబాద్ నంబరులో ఇరుక్కుపోయింది, దాన్ని విజయవాడకు తెచ్చుకునే దారి లేదు. చేతి డబ్బుతో కట్టుకుంటూ చాలా ఇబ్బంది పడ్డాం. అందుకే కొద్దికొద్దిగా పంపండి. పూర్తి క్రెడిట్ తీసుకునే బ్రాంచికి పంపేటప్పుడు బిల్లులో వేసిన ధరనే ఒప్పుకుంటారు, కాబట్టి అమ్మకం ధర వేయక్కర్లేదు. జీఎస్టీ 28వ రూల్ మీ ఆడిటర్‌కి చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. గదికి ఏ కాగితాలు కావాలి?

జవాబు 1:
అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లు, ఓనరు సమ్మతి పత్రం. ఓనరు సంతకం పెడతానన్నాకే అడ్వాన్సు ఇవ్వండి. నంబరు వచ్చాక అమ్మకం లేని నెలలోనైనా రిటర్ను వేయాలి, లేకపోతే రోజుకింతని లేటు ఫీజు పడుతుంది. అందుకే నా మాట వింటే ఈ సంక్రాంతి దాకా గుంటూరు నుంచే కొరియర్ చేయండి, హైదరాబాద్ ఆర్డర్లు నిజంగా పెరిగితే అప్పుడు గది చూసుకోవచ్చు.